బండిలో పారే కాలువ

బండి ఆత్మకూరు వైపు పొలాలకు నీళ్లు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి సొంత బోరు. మోటారు నుంచి పైపు నేరుగా తన మడికే. రెండోది కేసీ కెనాల్. కాలువ అందరిదీ. ఎవరి తూము దగ్గర వాళ్లు వంతు కోసం కాచుకోవాలి. ఎగువన గండి పడిందా, దిగువన అందరి మళ్లూ ఎండాల్సిందే.

నంద్యాల రోడ్డు మీద తిరిగే బండ్లలోనూ ఈ రెండు పద్ధతులే ఉన్నాయి. పాత లారీది బోరు పద్ధతి. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, లైటు... ఒక్కో పనికి ఒక్కో తీగ. లైటు వెలగకపోతే రోడ్డు పక్క ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపు పట్టుకుని ఆ తీగ వెంటే నడుస్తాడు. కరెంటు ఎక్కడ ఆగిందో అక్కడే జబ్బు. హారన్‌కు మాత్రం ఏమీ కాదు. దాని తీగ దానిది!

అయితే ఇంజిన్‌కు, బ్రేకులకు, మీటర్లకు తలో చిన్న కంప్యూటర్ వచ్చాక ఈ లెక్క కుదరలేదు. పది పెట్టెలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలంటే 45 తీగలు కావాలి. బరువు, ఖర్చు, పైగా అన్ని అతుకులు! అందుకే జర్మనీ కంపెనీ బాష్ 1986లో ‘క్యాన్ బస్’ను లోకానికి చూపించింది. మెలివేసిన రెండే తీగలు. పెట్టెలన్నీ వాటికే తగులుకుంటాయి. ‘బస్’ అంటే లాటిన్‌లో ‘అందరికీ’ అనే మాటకు తోక. మనం ఎక్కే బస్సుకూ ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

మరి అందరూ ఒకేసారి మాట్లాడితే? ప్రతి సందేశానికీ ఓ నంబరు ఉంటుంది. చిన్న నంబరుదే ముందు వంతు. పెద్దది గొడవ పడకుండా ఆగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. అత్యవసరమైన వాటికి చిన్న నంబర్లు ఇస్తారు. కాలువ గట్టు మీద ఇంత మర్యాద చూడటం కష్టమే.

కేసీ కెనాల్‌లో ఒకప్పుడు పడవలూ నడిచాయి. వాటికి తీగల బాధ లేదు. నేటి సముద్రపు పడవల్లో జీపీఎస్, లోతు చూపే యంత్రం వంటివి ఉంటాయి. వాటి కోసం వచ్చిన ‘ఎన్‌ఎంఈఏ 2000’ పద్ధతికీ పునాది ఈ క్యాన్ బస్సే.

విచిత్రంగా కంప్యూటర్లు ఎదురు దారిలో నడిచాయి. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో ఈథర్‌నెట్ పుట్టినప్పుడు అన్నిటికీ ఒకటే కేబుల్. అది ఒకచోట తెగితే ఆఫీసంతా ఆగేది. 1980ల చివరి నుంచి ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో తీగ వేసి, అన్నిటినీ మధ్యలో ఒక పెట్టెకు కలపడం మొదలైంది. ఇంట్లో తీగ బరువు ఎవరు మోయాలి? గోడే కదా! బండిలో అలా కాదు.

నష్టపోయింది మాత్రం మన రోడ్డు పక్క ఎలక్ట్రీషియన్. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో ఎలక్ట్రానిక్స్ మరీ పెరిగాయి. ఈ రెండు తీగల మీద టెస్ట్ ల్యాంపు పెడితే మాటలకు అడ్డం పడుతుంది, ఒక్కోసారి పెట్టె కూడా పాడవుతుంది. ‘స్కానర్ పెట్టాలి, నంద్యాల తీసుకుపో’ అనడం తప్ప దారి లేదనుకుంటారు. కోతల రోజుల్లో బండి కదలకపోతే ఆ మాట ఎంత ఖరీదో ఇంటివాళ్లకే తెలుసు.

నిజానికి మామూలు మల్టీమీటరుతోనే సగం సంగతి తేలుతుంది. సంకేతం గోడకు కొట్టుకున్న అలలా వెనక్కి రాకుండా ఈ తీగల రెండు కొసల్లో 120 ఓమ్‌ల నిరోధకాలు పెడతారు. బ్యాటరీ తీసేసి తీగల మధ్య కొలిస్తే రెండూ కలిసి 60 చూపాలి. 120 చూపితే ఎక్కడో తీగ తెగిందని, లేదా ఒక కొస నిరోధకం పోయిందని అర్థం. సున్నా దగ్గర ఆగితే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నట్టు. అప్పుడు వెతకాల్సింది ఎలుక కొరికిన చోటో, రేకు అంచుకు రాసుకున్న చోటో. ఆ వెతుకులాట ఆయనకు కొత్తేమీ కాదు.