పన్నెండో ఎక్కం

మొన్న మా కాలేజీలో రెట్రో డే పెట్టారు. అందరూ బెల్ బాటమ్ ప్యాంట్లు, చుక్కల చీరలు వెతుక్కుంటుంటే, నాకు మా ఊళ్ళో అటక మీదున్న టేప్ రికార్డర్ గుర్తొచ్చింది. దాన్ని భుజాన పెట్టుకుని ఫోటో దిగితే లైకులే లైకులు అనుకుని ఆ శనివారం జగిత్యాల బస్సెక్కేశా.

అది మా తాత దుబాయ్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్. మా వైపు చాలామందిలాగే ఆయన కూడా పని కోసం గల్ఫ్ పోయాడు, 1986లో. నేను పుట్టకముందే చనిపోయాడు. ఆయన్ని ఫోటోలో చూడటమే కానీ గొంతు ఎప్పుడూ వినలేదు.

దాంతోపాటు ఒక క్యాసెట్ దొరికింది. పాటలేమో అనుకున్నా.

"పాటలు కాదు బిడ్డా, అది ఉత్తరం" అంది నానమ్మ.

నానమ్మకి చదవడం రాదు. కాగితం మీద రాస్తే ఇంకొకరితో చదివించుకోవాలి, ఇంటి సంగతులన్నీ వాళ్ళకి తెలిసిపోతాయి. అందుకని ఇద్దరూ క్యాసెట్లో మాట్లాడి పంపుకునేవాళ్ళట. సెలవుకి వచ్చేవాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు, తిరిగి పోయేటప్పుడు జవాబు పట్టుకెళ్ళేవాళ్ళు. ఒక ప్రశ్నకి జవాబు రావాలంటే నెలలు పట్టేది. నాకైతే బ్లూ టిక్ పడి పది నిమిషాలైతేనే కోపం వస్తుంది!

రబ్బరు బెల్టు సాగిపోయి టేప్ తిరగలేదు. రిపేర్ షాపాయన బెల్టు మార్చి, హెడ్డుని స్పిరిట్‌తో తుడిచాడు. వదులైన రీలుని నేనే పెన్సిల్‌తో చుట్టాను. రాత్రి అందరం కూర్చుని ప్లే నొక్కాం.

ముందు నానమ్మ గొంతు. డ్రాఫ్టు అందిందని, బర్రె ఈనిందని, బాయిలో నీళ్ళు అడుగంటాయని. తర్వాత, ఆరో తరగతిలో ఉన్న మా నాన్న! గుక్క తిప్పుకోకుండా పన్నెండో ఎక్కం. అందరం పగలబడి నవ్వాం. ఎక్కం అయిపోయింది, టక్‌మని చప్పుడు. ఆపబోతుంటే ఒక మగ గొంతు, మాట మధ్యలోంచి:

"...ఎండ జర ఎక్కువ, గంతే. పోరణ్ణి ఒక్కపారి మాట్లాడియ్యి. ఎక్కాలు చెప్పినా సరే."

ఇంకో రెండు నిమిషాలు వచ్చింది. ఎవ్వరం కదల్లేదు. నాన్న లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

అప్పుడర్థమైంది. తాత పంపిన క్యాసెట్ మీదే నానమ్మ జవాబు రికార్డ్ చేసింది. మా భాషలో ఓవర్‌రైట్. ఈమె మాటలు తక్కువ కాబట్టి చివర ఆయనవి కొన్ని మిగిలాయి. అందుకే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వినిపించాయి.

"ఇంకా మస్తు మాట్లాడిండు. నేనే చెరిపేసిన" అంది నానమ్మ. ప్రతిసారీ కొత్త క్యాసెట్ కొనే స్తోమత లేదట. దీన్ని మాత్రం తాత చెరపకుండా పెట్టెలో దాచుకుని తెచ్చుకున్నాడు.

"ఆ రోజులే బాగుండేవి కదా నానమ్మా, ఫోన్ల గోల లేకుండా" అన్నాను.

"ఏం మంచిగుండె? మీ తాతోళ్ళ నాయిన సచ్చిపోతే ఆయనకు నెలకు తెలిసింది. ఆడ కూసోని ఒక్కడే ఏడ్చిండు."

నా దగ్గర మాట లేదు.

టేప్ రికార్డర్ నుంచి కేబుల్ పెట్టి అంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మూడు చోట్ల బ్యాకప్ పెట్టాను. రెట్రో డేకి టేప్ రికార్డర్ తీసుకెళ్ళలేదు, ఎందుకో ఫోటో దిగబుద్ధి కాలేదు.

ఒక నిజం చెప్పాలి. నానమ్మ వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్‌లు నేను రెండింతల స్పీడులో వినేవాణ్ణి. కొన్నైతే విననే లేదు. హాస్టల్‌కి తిరిగొచ్చాక అన్నీ మామూలు స్పీడులో విన్నాను. ఎక్కువగా "తిన్నవా?" అనే అడిగింది.

మీ ఇంట్లో కూడా పాత క్యాసెట్లుంటే పారేయకండి. పైన ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేస్తే ఇక దాని మీద రికార్డ్ అవ్వదు. ఆ సంగతి మా నానమ్మకి అప్పట్లో ఎవరూ చెప్పలేదు.