నీటిమడుగు అక్కర్లేని కప్పలు

మున్నార్, 2023 జూన్ 24

రాత్రి వాన తెరిపిచ్చాక తేయాకు తోట అంచున టార్చి వేసి చూశాం. తడి ఆకు మీద మగ పొదకప్ప. ఒళ్లంతా కలిపి అంగుళం లేదు. గొంతు కింది తిత్తి ఉబ్బినప్పుడల్లా టార్చి వెలుతురు అందులోంచి ఇవతలికి వస్తోంది. ఇంత ప్రాణికి అంత గొంతా అనిపించింది.

దీని ప్రజాతి పేరు రావోర్కెస్టెస్. 2010లో కప్పల పరిశోధకుడు బిజు, ఆయన సహచరులు సి.ఆర్. నారాయణరావు గారి పేరు మీద పెట్టారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీ ప్రొఫెసర్ ఆయన, ‘కరెంట్ సైన్స్’ తొలి సంపాదకుడు. ఆయన సేకరించిన కప్పల నమూనాలు చాలావరకు పోయాయి. పేరైనా కప్పల్లో బతికుంది, సంతోషం.

జూన్ 26

వీటికి తోకకప్ప దశ బయట లేదు. ఆ ఎదుగుదలంతా గుడ్డులోనే జరిగిపోయి, కాళ్లూ చేతులతో బుల్లి కప్పే బయటికొస్తుంది. చెరువుతో పనిలేదు, గాలిలో తేమ ఉంటే చాలు. తేమ పోతే గుడ్డు ఎండిపోతుంది. అందుకే చెట్టు కొడితే, రాలిన ఆకు ఊడ్చేస్తే వీటికి కీడు. మడుగులు కాపాడినంత మాత్రాన ఇవి దక్కవు.

తమిళనాడు కలకాడ్ అడవుల్లో చలజోడిస్ అనే పొదకప్ప జాతి వెదురులో కాపురం పెడుతుంది. కణుపుల మధ్య బోలు భాగానికి సన్నటి చీలిక ఉంటే అందులోంచి ఒళ్లు ఇరికించుకుని లోపలికి దూరుతుంది. గుడ్లు పెట్టాక కావలి తండ్రిదే. అతను లేకపోతే వేరే మగకప్పలే వచ్చి గుడ్లు తినేస్తాయి! 1876లో జంతుశాస్త్రవేత్త గుంథర్ వర్ణించాక నూరేళ్లకు పైగా ఎవరికీ కనబడని జాతి ఇది. ఆ వెదురును కాగితానికీ చాపలకూ నరుకుతారు. వానాకాలం దాటేదాకా ఆగితే ఎంత బావుణ్ణు.

జూన్ 27

మున్నార్ దగ్గరి ఆనముడి శిఖరం మబ్బులోనే ఉంది. ఎత్తు 2,695 మీటర్లు. ఆ శిఖరమూ దాని చుట్టుపక్కల ఎత్తైన చోట్లే రెస్ప్లెండెన్స్ అనే ఎర్రటి పొదకప్ప లోకమంతా. కింద వేడెక్కితే ఇంకా పైకి పోదామన్నా దానికి కొండ లేదు. నాకు భయమేసింది.

మన విశాఖ కొండల నుంచి కూడా 1998లో ఒక పొదకప్పను వర్ణించారు, టెరెబ్రాన్స్ అని. అరకు కాఫీ తోటల్లో నీడచెట్లు ఎలాగూ ఉన్నాయి. వచ్చే వానల్లో వెళ్లి, కింద రాలిన ఆకు ఉంచుతున్నారా, తగలబెడుతున్నారా అని రైతుల్ని అడగాలి.