నందికొట్కూరు సంతలో నెత్తళ్ళు

నందికొట్కూరుకు సముద్రం చాలా దూరం. ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల దాటి, మార్కాపురం, ఒంగోలు అన్నీ వెనకబడ్డాక గానీ కొత్తపట్నం దగ్గర ఉప్పునీళ్ళు కాళ్ళకు తగలవు. సూటిగా గీత గీసినా 200 కిలోమీటర్లకు పైనే. అయినా మా వంటిళ్ళలో ఒక సముద్రపు చేప తరాలుగా కాపురముంటోంది. సముద్రం మొహమే చూడని ముసలమ్మలు కూడా దాన్ని గుప్పిట్లోకి తీసుకుని ఒక్క చూపుతో మంచిచెడ్డలు చెప్పేస్తారు. అదే నెత్తళ్ళు.

ఎండిన నెత్తళ్ళే మాకు తెలిసినవి. పచ్చివి చూడాలంటే తీరానికే పోవాలి. వేలెడంత చేప, ఒళ్ళు వెలుతురు అవతలికి కనిపించేంత పలచన. మొప్ప దగ్గర మొదలై తోక దాకా పక్కన ఒక వెండి చార. ముట్టె ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, నోరు దానికి కిందుగా కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది. శాస్త్రజ్ఞులు స్టోలెఫోరస్ అనే ప్రజాతిలో పెట్టిన ఈ చేపల్లో జాతులు చాలానే ఉన్నాయి, మన నాలుకకు మాత్రం అన్నీ నెత్తళ్ళే. విశాఖపట్నంలో పట్టిన 200 చేపల బొమ్మలతో పాట్రిక్ రసెల్ అనే శాస్త్రజ్ఞుడు 1803లో లండన్‌లో అచ్చువేయించిన పుస్తకంలో మన జాలర్లు పిలిచే పేర్లే ఎక్కాయి. చేపను గుర్తుపట్టే చదువులో మొదటి గురువులు వాళ్ళేనని నా నమ్మకం.

ఎండినా ఆ గుర్తులు పోవు. సంతలో కుప్పలు పక్కపక్కనే ఉంటాయి. వెండి చార, కిందికి దిగిన నోరు కనిపిస్తే నెత్తళ్ళు. పొట్ట కింద గోటితో రుద్దితే రంపంలా గరుకు తగిలితే అవి కవళ్ళు. ఒళ్ళు వెడల్పుగా ఉండి పొలుసులు లేస్తుంటే ఏటి పరిగెలు. శ్రీశైలం జలాశయం వెనకనీళ్ళు ముచ్చుమర్రి, సంగమేశ్వరం దాకా వచ్చాక మాకు ఏటి చేపకు కొదవ లేదు. ఆ ఒడ్డున గుడిసెలు వేసుకుని వల వేసేవాళ్ళలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన జాలర్లూ ఉన్నారు. ఐసు పెట్టెల్లో బొచ్చెలూ వస్తున్నాయి. ఇన్ని వచ్చినా నెత్తళ్ళ కుప్ప దగ్గర జనం తగ్గలేదు.

నెత్తళ్ళు ఒంటరిగా తిరగవు. నీటిలో తేలే సూక్ష్మజీవులను మేస్తూ గుంపులు గుంపులుగా ఒడ్డు దాపుకే వస్తాయి. అందుకే పెద్ద పడవ లేనివాడికి కూడా ఇవి దొరుకుతాయి. అలివి వలను పడవ మీద తీసుకుపోయి నీళ్ళలో అర్ధచంద్రాకారంగా వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు చేరుస్తారు. రెండు జట్లు ఇసుకలో మడమలు తన్నిపెట్టి లాగుతూ లాగుతూ దగ్గరవుతాయి. చివరికి వల సంచి ఒడ్డెక్కుతుంది. అంతమంది కష్టానికి ఒక్కోసారి వచ్చేది నాలుగు గంపలే.

అక్కడి నుంచి కాలంతో పరుగు. నెత్తళ్ళు చాలా సుకుమారం, కొద్ది గంటల్లోనే పొట్ట పగిలి పాడైపోతాయి. పచ్చి చేపలో నాలుగింట మూడొంతులు నీరే, ఆ నీరు పోతే కుళ్ళు పట్టదు. పెద్ద చేపను కోసి ఉప్పులో ఊరబెట్టాలి, ఈ చిన్నదానికి ఎండ చాలు. ఉప్పు మీద పన్ను ఉన్న రోజుల్లో మద్రాసు ప్రభుత్వం చేపలు ఊరబెట్టడానికి తీరంలో ప్రత్యేకంగా యార్డులు పెట్టి చౌకగా ఉప్పు ఇవ్వాల్సి వచ్చింది. నెత్తళ్ళకు ఆ అవసరమే లేదు. బీదవాళ్ళ ఇంటికి ఇంత దూరం రాగలిగింది అందుకేననుకుంటాను. నాలుగు కిలోల పచ్చి చేప ఎండితే కిలో దగ్గరికి వస్తుంది. బరువు తగ్గుతుంది, నిలవ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం ఉన్నప్పుడు కూడా మూటలు వస్తూనే ఉంటాయి.

"సప్పవేనా అక్కా? ఇసక ల్యాకుండా చూసియ్యి" అంటారు కొనేవాళ్ళు. "ముట్టి చూడు నాయినా, ఇరిస్తే ఇరగాల" అంటుంది అమ్మే ఆమె. ఆ మాట నిజం. మంచి నెత్తళ్ళు వంచితే పుటుక్కున విరుగుతాయి. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు, పసుపు తిరిగి ముక్కుకు ఘాటు కొడితే నూనె చెడినట్టు.

ఇంట్లో తల గిల్లేసి, పెనం మీద వట్టిగా వేయించి, గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు సార్లు కడగాలి. వేయించాకనే కడగాలి, అప్పుడే ఇసుక వదులుతుంది. వంకాయ, ఎర్రగడ్డలు, చింతపండుతో పులుసు పెడితే బాగుంటుంది. నాకు మాత్రం తెల్లగడ్డ, ఎండు మిరపకాయలు వేసి దంచిన నెత్తళ్ళ పొడే ఇష్టం. పొయ్యి మీంచి దించిన జొన్న రొట్టెలో ఆ పొడి, పైన కాస్త చెనిక్కాయ నూనె ఉంటే ఇంకో కూర అక్కర్లేదు. ముల్లుతో సహా నమిలి తినే చేప కాబట్టి సున్నం సత్తువ కూడా మన ఒంటికే చేరుతుంది. పాలు కొనలేని ఇళ్ళకు అది చిన్న మేలు కాదు.

వాసన అని మొహం తిప్పుకునే పిల్లలకు ముందు ఆ పొడి పెట్టి చూడండి. సంతలో మాత్రం నేల మీద కాక వలల మీద, పందిళ్ళ మీద ఎండబెట్టినవే కావాలని అడగండి. వాటికి ధర ఎక్కువే, బేరమాడకుండా ఇవ్వండి. కొనేవాళ్ళు అడిగితేనే తీరంలో ఎండబెట్టే ఆడవాళ్ళకు ఆ పందిళ్ళు వేసుకునే ధైర్యం వస్తుంది.