బరువుల పద్దు

మా నిమ్మాడ వైపు ధాన్యపు బస్తాలు మోసేవారి కూలికి లెక్క ఉంటుంది గానీ, బలానికి ఉండదు. బహుశా అందుకేనేమో, వ్యాయామం మొదలుపెట్టిన నాటి నుంచీ ఎత్తిన ప్రతి బరువునూ తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. దాని మొదటి పుటలో నావి కాని అంకెలు మూడున్నాయి: 110, 130, 137.5.

అవి మా జిల్లాలోనే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరివి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి ఆమె కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. స్వర్ణాన్ని ఆశించి చివరిసారి పట్టిన 137.5 మాత్రం నిలవలేదు. ఆనాటి స్వర్ణానికి పలికిన మొత్తం 242.5 కిలోలు.

పతకానికి లెక్కకు వచ్చింది 240 మాత్రమే. నాకు మాత్రం ఆ మూడో అంకే ముఖ్యం. నలభై దాటాక అంకెలు పెరగడం మానేస్తాయి, పుస్తకం మూసేయాలనిపిస్తుంది. ఎత్తలేనివి కూడా రాసుకున్నప్పుడే మన హద్దు ఎక్కడుందో, దాన్ని ఎన్నిసార్లు తాకి వచ్చామో తెలుస్తుంది. మీ పద్దుల్లోనూ అటువంటి అంకెలుంటే చెరపకండి, మిత్రులారా!