తొర్రూరు కూడలిలో ఒక మష్వరా

వరంగల్ నుండి ఖమ్మం వెళ్ళే రహదారిపై వర్ధన్నపేట, రాయపర్తి దాటిన తరువాత తొర్రూరు వస్తుంది. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇక్కడి నుండి ఒక దారి వరంగల్‌కు, ఒకటి ఖమ్మానికి, మరొకటి నెల్లికుదురు మీదుగా మహబూబాబాద్‌కు పోతుంది. సంతకు వచ్చిన వారికి ఇది సదుపాయమే. జ్వరపడిన బిడ్డను భుజాన వేసుకున్న తండ్రికి మాత్రం ఏ బస్సు ఎక్కాలన్నది పెద్ద ప్రశ్న.

గత వర్షాకాలం ముగిశాక మేము మా మద్రసా విద్యార్థి ఒకరిని పరామర్శించడానికి అక్కడికి వెళ్ళాము. సెలవులకు ఇంటికి వెళ్ళిన ఆ బాలునికి జ్వరం వచ్చింది. మొదటి రోజు కషాయం ఇచ్చారు. రెండవ రోజు వీధిలోని ఆర్‌ఎంపీ సూది వేశాడు. మూడవ రోజు నానమ్మ దమ్ చేసిన నీళ్ళు తెప్పించింది. నాలుగవ రోజు మేనమామ హనుమకొండలో ప్రైవేటు ఆసుపత్రికి పోదామన్నాడు. అంత డబ్బు ఎక్కడిదని తండ్రి తల పట్టుకుంటే, తల్లి చెవికమ్మలు తీసి చేతిలో పెట్టింది. అంతలో జ్వరం దిగింది. తండ్రి మాకు ఫోను చేశాడు. “అల్‌హమ్దులిల్లాహ్! జ్వరం దిగింది కదా, ఇక తిరగడం దేనికి?” అన్నాము. వారు ఆగిపోయారు.

తెల్లవారేసరికి పిల్లవాని కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. కడుపునొప్పి, ఆగని వాంతులు. 108 వాహనంలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేర్చారు. అది డెంగీ. అల్లాహ్ దయతో బిడ్డ బ్రతికాడు.

మాకు తెలియని సంగతి అప్పుడు తెలిసింది. డెంగీలో జ్వరం దిగే వేళే ప్రమాదపు వేళ. సాధారణంగా మూడవ రోజు నుండి ఏడవ రోజు లోపల, రక్తనాళాల నుండి ద్రవం బయటికి ఊరి రక్తపోటు పడిపోవచ్చు. ఆ ఒకటి రెండు రోజులు గడిచేదాకా వైద్యుని కన్ను రోగిపై ఉండాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా గంట కూడా ఆగరాదు. జ్వరానికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తస్రావాన్ని పెంచగలవు. అందుకే, ఏమిటో తెలియని సూది వేయించుకోరాదు.

హజ్రత్ ఉమర్ (రజి) షామ్ ప్రయాణంలో సర్గ్ చేరినప్పుడు, ముందు ప్రాంతంలో ప్లేగు ఉందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వేర్వేరుగా పిలిచి మష్వరా చేశారు. అభిప్రాయాలు భిన్నంగా వచ్చాయి. చివరికి ఆ విషయమై ప్రవక్త (స) నోట స్వయంగా విన్న అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి చెప్పిన మాటతో అందరి మనసూ కుదుటపడింది. సలహా ఎవరైనా ఇవ్వవచ్చు. తీర్పు మాత్రం తెలిసినవారిదే కావాలి. మేము తెలియక తీర్పు చెప్పాము.

“డెంగీ మళ్ళీ రాదు కదా మౌలానా?” అని నానమ్మ అడిగింది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, మరో రకం సోకితే రెండవసారి మరింత తీవ్రం కావచ్చు అని చెప్పాము. అందుకే ఆ ఇంట్లోనే కూర్చుని జ్వరం రాకముందే మష్వరా చేశాము. రెండవ రోజుకు జ్వరం తగ్గకపోతే ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష. ప్రమాద సూచన కనిపిస్తే వెంటనే 108. దుఆ ఇంట్లోనూ చేయవచ్చు, వాహనంలోనూ చేయవచ్చు. నగ అమ్మడం గురించి మాట్లాడుకోవడం అన్నిటికన్నా చివర.

వచ్చేటప్పుడు పిల్లవాడు పెరట్లోని డ్రమ్ములో నిల్వ నీళ్ళు పారబోసి, దాన్ని తోమి బోర్లించాడు. ఆ దోమ గుడ్లు పెట్టేది మురికి కాలువలో కాదు, అటువంటి మంచినీళ్ళలోనే. ఇప్పుడు మా మద్రసాకు దమ్ కోసం వచ్చే ప్రతి తల్లినీ మేము మొదట ఒకటే అడుగుతున్నాము: “జ్వరం ఎన్నో రోజు, అమ్మా?”