సున్నం గోడకు ఊపిరాడాలి!

హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద మేడ్చల్ దాటితే అత్వెల్లి. నగరం ఇక్కడిదాకా వచ్చేసింది. సిమెంటు, ఇనుము లేకుండా ఇల్లు లేచే రోజులు కావివి. కానీ కొన్ని తరాల కిందట ఈ చుట్టుపక్కల ఇల్లు కట్టాలంటే మట్టి, రాయి, సున్నం, కలప ఉంటే చాలు. అన్నీ దగ్గర్లో దొరికేవే.

విశేషమేంటంటే, రెండువేల ఏళ్ల కిందటి రోమన్ల ఇళ్లకూ మన తెలంగాణ భవంతులకూ పోలికలు చాలానే ఉన్నాయి!

నడుమ వాన... చుట్టూ అర్రలు

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపే నగరంలో కలిగినవాళ్ల ఇళ్లు ఇప్పటికీ చూడొచ్చు. ఇంటి నడుమ పైకప్పు ఉండదు. నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన పెంకుల మీంచి వాననీళ్లు కింది తొట్టిలో పడి, అక్కణ్నుంచి నేలకింది నీళ్లగుంటలోకి చేరేవి. మన భవంతీ అంతే. నడుమ ఆరుబయలు, చుట్టూ అర్రలు. గాలీ వెలుతురూ అక్కణ్నుంచే.

పెంకుల్లోనూ అదే తెలివి. రోమన్లు బల్లపరుపు పెంకులు పరిచి, సందుల మీద వంపు పెంకులు బోర్లించేవారు. మనవాళ్లు గూనపెంకుల్నే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పేర్చారు.

ఇటుకపొడి మహిమ

అసలు కిటుకు సున్నంలో ఉంది. రోమన్లు అందులో పొజువోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిద కలిపేవారు. అది తడిలోనూ గట్టిపడుతుంది. బూడిద దొరకకపోతే? ఏటి ఇసుకకు కాల్చిన పెంకుల పొడి మూడోవంతు కలపమన్నాడు క్రీ.పూ. మొదటి శతాబ్దపు వాస్తుశిల్పి విట్రూవియస్. మన మేస్త్రీలు చేసిందీ అదే! సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి, ఎడ్లు తిప్పే రాతిచక్రం కింద గానుగలో మెత్తగా నలిపేవారు. అదే డంగుసున్నం. కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా పోసేవారు.

రోమన్ కాంక్రీటులో కనిపించే తెల్లటి సున్నపు పలుకుల్ని చాలాకాలం సరిగా కలపకపోవడం వల్లే అనుకున్నారు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2023లో వేరే మాట చెప్పారు. పగులులోకి నీళ్లు దిగితే ఆ పలుకులు కరిగి, మళ్లీ గట్టిపడి, పగులును పూడుస్తాయట. గోడ తన గాయాన్ని తానే మాన్పుకుంటుందన్నమాట!

బాగుచేయబోతే...

అలాంటి ఇళ్లకు ఇప్పుడు ముప్పు వానతోనే కాదు, మరమ్మతుతోనూ! మట్టిగోడా సున్నపు పూతా నేలలోంచి పీల్చిన తడిని గాలికి వదిలేస్తాయి. ‘గట్టిగా ఉంటుంది కదా’ అని పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే నిలిచిపోతుంది. ఉప్పు పేరుకుంటుంది. కొన్నేళ్లకు పూత పెచ్చులుగా ఊడుతుంది, వెనక మట్టి మెత్తబడిపోతుంది. అప్పుడంతా పాత ఇంటిదే తప్పంటారు!

ఈ పాఠం హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కళ్లకు కడుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో వేసిన సిమెంటు పూతల్ని, 2013లో మొదలైన పునరుద్ధరణలో తొలగించి మళ్లీ సున్నమే వేశారు. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా దక్కింది.

సమాధులకు పనికొచ్చింది సొంతిల్లుకూ పనికొస్తుంది. తాతల నాటి ఇల్లుంటే వానాకాలానికి ముందే జారిన పెంకులు సర్దించాలి. గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా చూడాలి. పగిలినచోట సిమెంటు కాకుండా, ఏ గోడకు ఆ మట్టి, ఆ సున్నమే వాడాలి. సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఊళ్లో ఉంటే ఇంకా మంచిది.

ఇల్లు కూల్చితే టేకు దర్వాజకూ దూలానికీ మంచి ధరే పలుకుతుంది. గోడకు మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు. అది కట్టిన విద్య, మట్టితోపాటే ట్రాక్టరెక్కి వెళ్లిపోతుంది.