ఛాయాసోమేశ్వరుని నీడ, కంటి కిరణము

మోత్కూరు యువకుడొకడు కంప్యూటరుపై గాజుగోళములను, నీటిపాత్రలను నిజమా యనిపించునట్లు చిత్రించుట వినోదముగా పెట్టుకొనెను. ఇందు కుంచెతో పనిలేదు. వస్తువుల ఆకృతిని, దీపస్థానమును అంకెలలో చెప్పినచో చాలును. ఈ పద్ధతికి రే ట్రేసింగ్ అని పేరు. లోకములో కాంతి దీపమునుండి బయలుదేరి కంటిని చేరును. ఇచ్చట ద్రష్ట కంటినుండియే కిరణము బయలుదేరి, వస్తువును తాకి, దర్పణమైనచో పరావర్తించి, నీరైనచో వక్రీభవించి, దీపమును వెదకును. నడుమ అడ్డున్నచో అది నీడ. దీపకిరణములలో అధికాంశము కంటిని చేరనే చేరదు గనుక ఈ ప్రతిలోమమార్గము. నైయాయికులు చెప్పిన నాయనరశ్మి ఇట్టిదే గదా! భౌతికశాస్త్రమున ఆ మతము నిలువకున్నను, 1980లో టర్నర్ విట్టెడ్ ప్రకటించిన గణనకు అదే త్రోవ యైనది.

అతడు నల్లగొండ చెంతనున్న పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమును తెరపై నిర్మింపబూనెను. అచ్చట లింగము వెనుక గోడపై స్తంభాకారమైన నీడ పగలంతయు కదలక నిలుచును. సూర్యుని సూటికిరణములను మాత్రమే లెక్కించినప్పుడు తెరపై ఉదయము నీడ జరిగిపోయెను, మధ్యాహ్నము గర్భాలయము చీకటియయ్యెను. రాతిపై, నేలపై పడి చెదరిన వెలుగును గూడ గణించిన పిదపనే (1986 నాటి జేమ్స్ కజియా సమీకరణము ఇందులకే) లేతనీడ యొకటి నిలిచెను. ఒక్కొక్క చిత్రమునకు రాత్రియంతయు పట్టెను.

"లెక్క తేలినచో స్వామి మహిమ యేమగునురా?" అని తల్లి కలతపడెను. ఈశ్వరుడు లెక్కకు వెఱచునా? వెలుగును అట్లు మళ్లించిన స్థపతి లెక్క యెఱుగనివాడు కాడు. కుమారుడు వాదింపలేదు. స్తంభములన్నియు కట్టెను గాని, తెరపై లింగస్థానమును ఖాళీగా విడిచెను. శాస్త్రనిషేధమేమియు లేదు, అయినను ఆ సంకోచము మంచిదే.